అచ్చు సంతకం, చేతి సంతకం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

అమెరికా నుంచి వచ్చావు కదా, మాకు తెలియని విషయం ఏదైనా చెప్పమన్నారు కార్యదర్శి గారు. ఇరవై ఏళ్లుగా నాకున్న పిచ్చి ఒకటుంది. బేస్‌బాల్ బంతుల మీద సంతకాలు చూడటం.

మనవాళ్లు క్రికెట్ బ్యాటు మీద సంతకం పెట్టించుకున్నట్టే, అక్కడివాళ్లు బంతి మీద పెట్టించుకుంటారు. తెల్లటి తోలు బంతి, 108 జంట కుట్లు. మన అష్టోత్తరం లెక్కే! జట్టంతా సంతకాలు చేసిన బంతికి మంచి ధర పలుకుతుంది. అయితే స్టేడియం దుకాణాల్లో ఆటగాళ్ల సంతకాలు అచ్చు వేసిన బంతులు కూడా జ్ఞాపికలుగా అమ్మేవారు. అందులో మోసమేమీ లేదు. ఏళ్లు గడిచి, అటక మీంచి దించినప్పుడే చిక్కంతా.

తేడా కనిపెట్టడానికి ఒక భూతద్దం చాలు. ఇరవై మంది చేతులతో సంతకాలు చేస్తే ఒకటి పెద్దది, ఒకటి వంకర, ఒకటి పక్కదాని మీదికి ఎక్కుతుంది. అచ్చులో అన్నీ ఒకే రంగు, ఒకే మందం, బెంచీల మీద కూర్చోబెట్టినట్టు పొందిక. కలంతో రాస్తే గీత మొదట్లో ఒకలా, చివర్లో ఒకలా ఉంటుంది. గీత మీద గీత పడ్డచోట సిరా ముదురుగా కనిపిస్తుంది. బాల్‌పెన్ అయితే తోలు మీద సన్నని గాడి కూడా పడుతుంది. అచ్చుకు ఇవేవీ ఉండవు. అలాంటి బంతి మరొకటి దొరికితే పక్కపక్కన పెట్టండి. రెండూ అచ్చు గుద్దినట్టుంటే అవి నిజంగా గుద్దినవే! ఏ మనిషీ రెండుసార్లు ఒకేలా సంతకం చెయ్యలేడు.

చేత్తో రాసినంత మాత్రాన కూడా నమ్మకూడదు. ఆటగాడి బదులు డ్రెస్సింగ్ రూములో పనిచేసే కుర్రాళ్లే సంతకాలు పెట్టేసిన బంతులున్నాయి. బేబ్ రూత్ 1948లో పోయారు. షార్పీ పెన్ను 1964లో వచ్చింది. ఆయన సంతకం షార్పీతో ఉందంటే ఇక చూడక్కర్లేదు. ఎఫ్‌బీఐ వారు 'ఆపరేషన్ బుల్‌పెన్' పేరుతో దొంగ సంతకాల ముఠాలను పట్టుకున్నప్పుడు, మదర్ థెరిసా సంతకం ఉన్న బేస్‌బాల్ కూడా బయటపడింది!

మా పక్కింటి పెద్దాయన ఒకరోజు ఒక బంతి తెచ్చారు. 1961 నాటి యాంకీస్ జట్టుది. వాళ్ల నాన్న ఇచ్చిందట. అమ్మి మనవరాలి కాలేజీ ఫీజు కడదామని ఆశ. భూతద్దం పెట్టగానే నాకు తెలిసిపోయింది, అచ్చు. నాకు తెలియదని చెప్పి తప్పించుకుందామా అనిపించింది.

అప్పుడు మన లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. ఎనిమిదో తరగతిలో ప్రోగ్రెస్ కార్డు మీద నాన్నగారి సంతకం నేనే పెట్టాను. మాస్టారు నన్ను కొట్టలేదు, నలుగురిలో నవ్వులపాలు చెయ్యలేదు. పక్కకు పిలిచి, "మీ నాన్న సంతకం చేస్తాడురా, నువ్వు బొమ్మ గీశావు. ఆగి ఆగి గీసినట్టు తెలియడంలా?" అన్నారు. నిజం చెప్పే పద్ధతి నేను ఆరోజే నేర్చుకున్నాను.

పెద్దాయనకు కూడా అలాగే మెల్లగా, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా నాన్న కొన్నానన్నాడే గానీ, సంతకాలు చేయించానని ఎప్పుడూ అనలేదు. మిగతాదంతా నేనే అల్లుకున్నాను" అన్నారు. బంతి జేబులో వేసుకుంటూ, "పోనీలే, ఇక దీన్ని అమ్మక్కర్లేదు" అన్నారు.

ఈ సభ ఆహ్వానపత్రిక మీద హెడ్మాస్టారి సంతకం ఉంది. అది అచ్చేనని భూతద్దం లేకుండానే చెప్పగలను. అందుకే పెన్ను తెచ్చుకున్నాను. మాస్టారూ, సభ అయ్యాక మీ దగ్గరికి వస్తాను. ఈ పత్రిక మీద ఒక్క సంతకం చెయ్యండి. చెయ్యి వణికినా పరవాలేదు, మీదని నేను గుర్తుపడతాను.

సెలవు.