సీసాలోని ఈగలు, డెల్టాలోని మనుష్యులు

ఎవరి పేర ఈ స్మారకోపన్యాస నిధి వెలసినదో ఆ ఆచార్యులవారి పాండిత్యమును గూర్చి నాకు ముందు మాటాడినవారు చాలినంత చెప్పియున్నారు. నేను చేర్చదగిన దొక్కటే: అరువు తెచ్చుకొన్న పుస్తకమున పెన్సిలు గీతలు గీయక తిరిగి యిచ్చుట వారి స్వభావము కాదు, కొన్నిటిని తిరిగి యిచ్చుటయే లేదు. నావి రెండింకను వారి బీరువాలో నుండవలెను. జనాభాను గూర్చి మా యిద్దరికిని కడవరకును పొసగలేదు కనుక, వారి పేరిట నేడు ఆ వాదమునే సాగించుట వారికి అప్రియము కాదని తలంచుచున్నాను.

హేకెల్ 1866లో జీవావరణశాస్త్రమునకు పేరుపెట్టుట, టాన్స్‌లీ 1935లో ఆవరణవ్యవస్థా భావమును ప్రతిపాదించుట, ఆహారశృంఖలలో మెట్టెక్కినకొలది శక్తి క్షీణించుట, ఇవన్నియు పాఠ్యపుస్తకములలో నున్నవే; విడిచెదను. నా తగవు ధారణశక్తితోడనే. ఒక ప్రదేశము ఇన్ని ప్రాణులనే పోషింపగలదు, మించినచో ప్రకృతియే తగ్గించును అను సిద్ధాంతమును మృగముల విషయమున నేను కాదనను. 1944లో అలాస్కా సమీపమున సెయింట్ మాథ్యూ ద్వీపమున విడిచిన 29 రెయిన్‌డీర్లు 1963 నాటికి ఆరువేలై, దీవిలోని మేతనంతయు హరించి, 1966లో లెక్కించునప్పటికి 42 మాత్రమే మిగిలినవి. ఆచార్యులవారు ప్రతి సభలోను ఈ కథ చెప్పి, ఊపిరి తిప్పుకొనకయే మనదేశపు జనాభా లెక్కలలోనికి దూకెడివారు. ఆ దూకుటయే నాకు సమ్మతము కాదు.

తొలుత మెల్లగను, నడుమ వడిగను, తుద మరల మెల్లగను సాగి ఒక పరిమితికడ నిలుచు జనాభావృద్ధి వక్రరేఖను వెర్హుల్స్ట్ 1838లో కల్పించెను. తన బెల్జియము దేశమునకు ఆయన 1845లో 66 లక్షలను హద్దుగా నిర్ణయించి, రెండేండ్లకే దానిని 94 లక్షలకు జరిపెను. నేడచ్చట కోటి పదిలక్షలకు పైబడి జనులున్నారు. 1920లో పెర్ల్, రీడ్ అనువారు అట్టి రేఖతోడనే అమెరికా సంయుక్తరాష్ట్రములకు 19,72,74,000 అని వేలవరకును లెక్కగట్టి హద్దు చూపిరి. 1970 జనగణన దానిని దాటి 20 కోట్ల 30 లక్షలను చూపినది. పెర్ల్ తన రేఖకు సాక్ష్యముగా సీసాలలో పెంచిన పండ్ల ఈగలను చూపెను. లెక్క తప్పినంత మాత్రమున సూత్రము తప్పునా యని ప్రతివాదులందురు. తప్పదు; కాని జనగణన జరిగినపుడెల్ల వెనుకకు జరుగు హద్దును హద్దనుట యెట్లు? జోయెల్ కోహెన్ 1995లో ప్రచురించిన గ్రంథమున పండితుల అంచనాలను పోగుచేసి చూడగా, భూమి భరింపగల జనసంఖ్య శతకోటికి లోపలినుండి లక్షకోట్లకు పైవరకును ఉన్నది. ఇంతటి అంతరముగల కొలతతో ఏ దర్జీయు చొక్కా కుట్టడు.

అంతకంటె బలమైన ఆక్షేపణ వేరొకటి కలదు. సీసాలో ఇరుకై, తిండి కొరవడి ఈగల సంతానము తగ్గును. ఆంధ్రదేశమున జరిగినది దీనికి విపరీతము. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలలో స్త్రీకి సగటున 1998-99లో 2.25గా నున్న సంతానము 2005-06 నాటికి 1.8కి దిగినది. ఆ తల్లులలో పెక్కుమంది చదువుకొన్నవారు కారు, ధనవంతులును కారు. అయినను తిండి దొరకని కాలమున కాక, దొరికిన కాలముననే తమంతట తాము చాలుననుకొనిరి. ఏ సమీకరణమునను ఈ నిర్ణయమునకు చోటు లేదు.

భూమి అనంతమని నేననుట లేదు. భూమి యొక్కటే హద్దును నిర్ణయింపదనుచున్నాను. 1832-33 నాటి కరువున అలమటించిన సీమలోనే, కాటన్ దొర 1847లో ఆరంభింపగా 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట తరువాత, అదే గోదావరి, అదే వాన, అదే ఒండ్రుమట్టి మరెంతమందిని పోషించినవో మీరెరుగుదురు. కాలువల ఘనతను అందరును కీర్తింతురు. మురుగునీటి సంగతి ఎవరికిని పట్టదు. పొలముల మురుగు కొల్లేటికి చేరి, ఉప్పుటేటిగుండ సముద్రమును జేరవలెను. ఆ దారి మూసికొన్నచోట భూమి భరించునది తగ్గును, జనసంఖ్య పెరుగకున్నను.

ప్రస్తుతము నేను వ్రాయుచున్న గ్రంథము డెల్టా మురుగుకాలువల చరిత్రయే. ఇందుకు గ్రామపు లెక్కలు కావలెను. పశ్చిమ డెల్టాలో పూర్వపు కరణముల యిండ్లలో అటకలమీద పాత అడంగళ్లు, జమాబందీ కాగితములు ఇంకను కొన్ని మిగిలియుండును. మీలో ఎవరియింటనైన అట్టివి కలవేని, సభానంతరము నన్ను కలిసికొనుడు. అచ్చటనే కూర్చుండి నకలు వ్రాసికొని, కాగితములను మీ చేతికే యిచ్చివేసెదను.