గొడ్డలి కాపాడు వనము

రేడియోలో పని చేయువారము గనుక, ఈ అడవి కథను మేము ఒక పిట్ట పాటతో ప్రారంభింతుము. 1924వ సంవత్సరము మే నెల 19వ తేదీ రాత్రి, ఇంగ్లండులోని సర్రీ ప్రాంతమున బియాట్రిస్ హారిసన్ అను విద్వాంసురాలు తన తోటలో కూర్చుండి సెల్లో వాయించుచుండగా, ప్రక్క పొదలలోనుండి నైటింగేల్ పిట్ట గొంతు కలిపినదనియు, బి.బి.సి. వారు దానిని అప్పటికప్పుడు ప్రసారము చేసిరనియు ప్రసారచరిత్ర చదివినవారు ఎరుగుదురు. ఆ రాత్రి పాడినది పిట్ట కాదనియు, పిట్టకూతలను అనుకరింపగల ఒక మనిషి అనియు 2022లో ఒక వాదము బయలుదేరినది. ఆ తగవుతో మనకు పని లేదు. తరువాత ఏటేట మే నెలలో నైటింగేళ్ల పాట ప్రసారమగుచు వచ్చినది. 1942 మే 19 రాత్రి ఆ పాటతోబాటు జర్మనీమీదికి పోవు బాంబరు విమానముల హోరుకూడ మైకులో పడినది. అది శత్రువుల చెవిని పడునేమో యని ఇంజనీరు ప్రసారమును ఆపివేసెను. రికార్డు మాత్రము నేటికిని ఉన్నది.

మన అనువాదకులు ఈ పిట్టను కోకిల అని వ్రాయుట పరిపాటి. అది పొరపాటు. కోకిల కాకిగూటిలో గ్రుడ్డు పెట్టి తన దారిని తాను పోవును. నైటింగేల్ అటుల కాదు. చిక్కని పొద నడుమ, నేలకు తగులునంత దిగువగా, తన గూడు తానే కట్టుకొనును. అట్టి పొద దొరకని చోట అది నిలువదు. గడచిన అర్ధశతాబ్దిలో బ్రిటనునందు ఈ పిట్టలు నూటికి తొంబది పాళ్లు తగ్గిపోయినవి. అందుకు కారణములు పెక్కు. వానిలో ఒకటి మాత్రము వినుటకు వింతగా నుండును: అడవులలో గొడ్డలి చప్పుడు ఆగిపోవుట.

ఇంగ్లండులో 1600వ సంవత్సరమునుండి ఎడతెగక అడవిగా ఉన్న నేలను ప్రాచీన వనము అందురు. అంతకు పూర్వము చెట్లు నాటి అడవిని పెంచుట అరుదు. కావున అప్పటికే అడవిగా ఉన్నది అంతకుముందు ఎన్ని వందల ఏండ్లనుండి ఉన్నదో ఊహింపవలసినదే. బ్రిటను నేల మొత్తములో ఇట్టి వనములు నూటికి మూడు పాళ్లు కూడ లేవు. ఇచట ప్రాచీనమైనది చెట్టు కాదు, నేల. నాగలి తగులని ఆ మట్టిలో కొన్ని శిలీంధ్రములు, కొన్ని పూలమొక్కలు స్థిరపడియున్నవి. ఆక్స్‌లిప్ అను లేతపసుపు పూవు అట్టిది. ప్రక్కనే కొత్త తోపు నాటినను అందులోనికి అది అడుగు పెట్టుటకు తరములు పట్టును.

ఆ వనములను పూర్వులు కాపాడిన విధము మన రైతులకు చెప్పనక్కరలేదు. ప్రకాశము, గుంటూరు, కృష్ణా జిల్లాలలో జామాయిల్, సుబాబుల్ తోటలు వేసినవారు చెట్టును మొదలంట నరికి, మోడునుండి పిలకలు లేచిన పిదప, వానిని పెంచి మరల నరుకుదురు గదా! ఇంగ్లండు పల్లెలలో హేజెల్, యాష్ చెట్లతో ఇదే పనిని వందల ఏండ్లు చేసిరి. అడవిని మడులుగా పంచుకొని ఏటికొక మడి నరుకుదురు. చివరి మడికి చేరునప్పటికి మొదటిది మరల కోతకు సిద్ధముగా నుండును. కలపకని ఓక్ చెట్లను మాత్రము అచ్చటచ్చట ఎత్తుగా ఎదుగనిత్తురు. ఇటుల నరికిన చెట్టు నరకని చెట్టుకన్న ఎక్కువ కాలము బ్రతుకును. నరికిన మడిలో ఎండ నేలను తాకును; మరుసటి వసంతములలో పూలు పరచుకొనును, సీతాకోకచిలుకలు వచ్చును. ఐదారేండ్లకు పిలకలు చిక్కనై నైటింగేలుకు ఇల్లగును. అవి పెరిగి ఎత్తైనచో నీడ మరల క్రమ్మును. పిట్ట ప్రక్క మడికి పోవును. అందుచేత అన్ని వయస్సుల మడులు ఒకే అడవిలో ఉండవలెను.

సఫొక్ ప్రాంతములోని బ్రాడ్‌ఫీల్డ్ వనములు ఇందుకు పేరెన్నికగన్నవి. బరీ సెయింట్ ఎడ్మండ్స్ మఠమువారి ఏలుబడిలో, 1252 నాటినుండి ఈ విధముగా నరుకబడుచున్నట్లు ఆధారములు కలవు. 1539లో మఠము రద్దయినది. సన్న్యాసులు పోయిరి, నరుకుట పోలేదు. పొరుగు గ్రామములోని కర్మశాల ఈ కొయ్యతో గడ్డి పోగుచేయు దంతెలను, పనిముట్ల కామలను చేసి అమ్మెడిది. అచట ఒక యాష్ మోడు పదునెనిమిది అడుగుల అడ్డము కలది. వయస్సు వేయేండ్లకు పైబడినదని చెప్పుదురు. చూచుటకు అది చెట్టువలె ఉండదు. నాచు పట్టిన గోడమీద కొమ్మలు మొలచినట్లుండును.

1960 తరువాతి దశాబ్దములో ఈ వనములకు గండము వచ్చినది. దేశమంతట పొలములు పెంచవలెనను తొందరలో అడవులను వేళ్లతో పెకలించుచున్న రోజులవి. బ్రాడ్‌ఫీల్డులో ఒక భాగము అట్లే పొలమైపోయినది. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకొనవలెను. నరుకుట వేరు, పెకలించుట వేరు. ఏడువందల ఏండ్లు నరికినను చావని అడవి, ఒక్క ఋతువులో పెకలించగా పోయినది. స్థానికులు ఆందోళన చేసిరి. ప్రాచీన వనముల చరిత్రకు శాస్త్రరూపము కల్పించిన కేంబ్రిడ్జి పండితుడు ఆలివర్ రాకమ్ ఈ అడవిమీద విస్తారముగా వ్రాసెను. తుదకు 1970లో, 1912నుండి ప్రకృతి రక్షణకై పని చేయుచున్న ఒక సంఘము మిగిలిన వనమును కొనెను. ఇప్పుడు దానిని సఫొక్ వన్యప్రాణి సంస్థ నడుపుచున్నది.

కొనుట ఒక్కనాటి పని. అటుపిమ్మట ప్రతి చలికాలమును పనియే. దంతెల కర్మశాల మూతపడినది, కూలికి నరుకువారు లేరు. ఆ ఖాళీని పూరించినవారే స్వచ్ఛంద సేవకులు. ఉద్యోగవిరమణ చేసినవారు, కళాశాల విద్యార్థులు, వారాంతములో గుమాస్తాగిరినుండి తప్పించుకొని వచ్చినవారు వారిలో ఉందురు. ఆకు రాలినది మొదలు పిట్టలు గూళ్లు కట్టుకొనువరకే వారికి గడువు. మోడు నేలకు దగ్గరగా, వాన నిలువకుండునట్లు ఏటవాలుగా కోయవలెను. మచ్చుకత్తితో రెమ్మలు చెక్కవలెను. బాగున్న వాసములను చిక్కుడు పందిళ్లకు వేరు చేయవలెను. మిగిలిన ముళ్లకంపను నరికిన మడి చుట్టు దడిగా అల్లవలెను. లేనిచో జింకలు వచ్చి లేత పిలకలను ఒక్క రాత్రిలో మేసివేయును. ఇంగ్లండులో ఈనాడు జింకలు మితిమీరియున్నవి. వానిని తినెడి తోడేళ్లు ఎన్నడో అంతరించినవి.

ఇక డబ్బు మాట. అచట అడవిని పోషించునవి సభ్యుల చందాలు, మరణశాసనములో వ్రాసి ఇచ్చు విరాళములు, కట్టెల అమ్మకము. దీనిలో ఒక చిక్కు కలదు. చెట్లు నాటుటకు చందా ఇమ్మనిన జనము సంతోషముగా ఇత్తురు. హర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని సాండ్రిడ్జి గ్రామము దగ్గర వుడ్‌లాండ్ ట్రస్టువారు పెద్ద మొత్తమును చందాలుగా ప్రోగుచేసి పొలములు కొనిరి; 2009 మొదలు వేలకొలది సేవకులచేత ఆరు లక్షల మొక్కలు నాటించిరి. బడిపిల్లలు కూడ నాటిరి. ఆ పొలముల నడుమ చిన్న చిన్న ప్రాచీన వనఖండములు ద్వీపములవలె నిలిచియుండినవి. కొత్త మొక్కలు వానిని చుట్టి కలుపుచున్నవి. ఇది మెచ్చదగిన పనియే. నరుకుటకు చందా అడుగుట మాత్రము కష్టము. పట్టణమునుండి వచ్చిన దాత నిరుడు నీడగా చూచిన మడి ఈ ఏడు మోడులతో నిండియుండుట చూచి, “నా డబ్బుతో చేసినది ఇదియా?” యని అడిగినచో ఆశ్చర్యము లేదు. అట్టివారిని సేవకులు కార్యాలయమునకు పంపరు. పదేండ్ల క్రింద నరికిన మడిలోనికి తీసికొనిపోయి చూపుదురు.

మన దేశములో దేవుని పేర గొడ్డలి తగులనీయక కాపాడిన వనములు కలవు. అది ఒక మార్గము; ఆ నేలకు, ఆ వానలకు, ఆ నమ్మకమునకు తగినది. దానిని చూచిన కన్నులతో బ్రాడ్‌ఫీల్డును చూచిన తొలుత మనకును ఆ దాత వలెనే మనస్సు కలుక్కుమనును. మాకును అటులే తోచినది.

ఇప్పుడు మరొక కష్టము వచ్చినది. యాష్ చెట్లను ఎండబెట్టు ఒక శిలీంధ్రము ఐరోపానుండి వ్యాపించి, 2012లో సఫొక్‌కు పొరుగున నున్న నార్‌ఫక్ అడవిలో కనబడినది. దానికి మందు లేదు. లేత పిలకలే ముందుగా ఎండును. అందుచేత, యాష్ మోడులను ఎప్పటివలె నరుకుటయా, మానుటయా అను ప్రశ్న పుట్టినది. నరికినచో వచ్చు పిలకలన్నియు తెగులుపాలు కావచ్చును. నరకనిచో మడి నీడలో పూలు నశించును. కొన్ని చెట్లు మాత్రము తెగులును తట్టుకొని నిలుచుచున్నవి. వానిని గుర్తించుటకు చెట్టు చెట్టును పరిశీలింపవలెను. వసంతములో ఆకు వచ్చిన చెట్టు ఏది, రానిది ఏది, సగము వచ్చినది ఏది? ఇట్లు లెక్క వ్రాయుట కూడ ఇప్పుడు సేవకుల పనులలో చేరినది. చలికాలమున మచ్చుకత్తి పట్టిన చేతులే ఎండాకాలమున పెన్సిలు పట్టుచున్నవి.