మాటున పొంచినవాని నిగ్రహము
(షాద్‌నగర్ పఠనమందిరములో ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



జొన్నకంకి పాలుపట్టు దినములలో మంచె యెక్కి, వడిసెల చేతబట్టి పిట్టలను తోలినవారు ఈ సభలో ననేకులు గలరు. గాలి యెటు వీచుచున్నదో చూచుకొనుట, పిట్ట వాలువరకు కదలకుండుట, తొందరపడి రాయి విసరిన గుంపంతయు లేచిపోవునని యెరుగుట, ఇవి మీకెవ్వరు నేర్పిరి? చేనే నేర్పినది. యుద్ధమున మాటునుండి గురిచూచి కొట్టువాని విద్యకును మొదటిపాఠ మిదియే. ఇంగ్లీషువారు వానిని స్నైపరందురు. స్నైప్ అనునది బురదనేలల దిరుగు చిన్నపక్షి; వంకరటింకరగా నెగిరి వేటగానికి చిక్కదు. 18వ శతాబ్దమున మనదేశమందుండిన ఇంగ్లీషు సైనికులు దానిని వేటాడుటనుండి ఈ పేరు పుట్టినది.

ఈ విద్యలో కాల్చుట యొక క్షణము, కాచుకొనుట దినమంతయు. కొండశిఖరముమీద నిలిచినవాడు ఆకాశమునకెదురుగా బొమ్మవలె కనబడును. కావున నేర్పరి శిఖరమునకు దిగువ, పొదనీడలో నుండును. ఒంటిరంగు వెనుకనున్న నేలలో కలియవలెను. కదలినచో నీడతోపాటు మెల్లగా కదలవలెను. గుండు తిన్నగా పోవునదికాదు. దూరము పెరిగినకొలది క్రిందికి వంగును, అడ్డగాలికి ప్రక్కకు తొలగును. అందుచే గడ్డిపోచ యూగుట, పొగ వాలుట చూచి గాలిని లెక్కగట్టవలెను. ఊపిరి కొంత విడిచి, నిలిపి, మీట నెమ్మదిగా నొక్కవలెను. ఒక్కచోటనుండి రెండవసారి కాల్చుట మృత్యువును పిలుచుటయే.

1939–40 శీతకాలమున సోవియట్ సేన ఫిన్లాండుపై దండెత్తినప్పుడు సీమో హైహా యను సేద్యగాడు ఈ విద్యకు ప్రఖ్యాతిగాంచెను. దుర్భిణి పెట్టుకొన్న తల పైకెత్తవలసివచ్చును, గాజు తళుక్కుమనునని దానిని విడిచెను. ఊపిరి యావిరి కనబడకుండ నోట మంచు నుంచుకొనెను. నూరుదినములైన నిండని కాలములో 500 మందికి మించి కూల్చెనని ప్రతీతి. ఆ లెక్క విన్నప్పుడు నాకు ఆశ్చర్యముకంటె భయమే యెక్కువ కలిగినది.

ఇక మన తెలుగునాటికి వత్తము. 1922 ఆగష్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు అనుచరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్లను పట్టి 26 తుపాకులను, రెండువేలకు పైబడిన తూటాలను గొనిపోయిరి. పోడు వ్యవసాయమును అడవిచట్టములు అరికట్టగా, రోడ్లపనిలో కూలి యెగవేయగా విసిగిన గిరిజనులు వారు. విల్లు పట్టిన చేతులకు తుపాకి వచ్చినది. అడవి వారికి తెలిసినదే.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో పోలీసుపటాలము సాగివచ్చుచుండెను. మాటుననున్నవారు ముందు నడచిన దేశీయ పోలీసులను పోనిచ్చిరి. వెనుక స్కాట్ కవర్డు, హేటరు అను తెల్ల అధికారులు గురికందగానే కాల్చిరి. ఇరువురును హతులైరి. నా దృష్టిలో ఆనాటి విద్యయంతయు కాల్చని తూటాలలోనే యున్నది. చేతికందినవానిని చంపక విడుచుటకు ఎంత నిగ్రహము కావలయును! దేశీయులను చంపరాదన్నది రాజుగారి నియమము. ఆ డిసెంబరుననే పెద్దగడ్డపాలెమువద్ద మాటు విడిచి యెదురుబడినప్పుడు వారికి ప్రాణనష్టము కలిగినది.

అయితే అడవికంటె గొప్ప మాటు మరియొకటి గలదు. అది అన్నముపెట్టి నోరు మెదపని పల్లె. ప్రభుత్వము ఈ సంగతి గ్రహించెను. మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్సును దింపుటయేగాక పల్లెలపై కాపలాపెట్టి అన్నపుదారి మూసినది. పల్లె నలిగినకొలది మాటు పలుచబడినది. 1924 మే 7న రాజు పట్టుబడెను. కొయ్యూరున నాడే తుపాకికి బలియయ్యెను. పారిపోబోగా కాల్చితిమని ప్రభుత్వ పక్షము. చెట్టునకు గట్టి కాల్చిరని ప్రజల వాక్కు. విచారణ జరుగలేదన్నది మాత్రము ఇరుపక్షముల కొప్పుదల.

నేను అహింసామార్గమున సేవచేసిన స్వచ్ఛందసేవకుడను, వృత్తిచే న్యాయవాదిని. మాటున పొంచినవాడు తానే వాది, తానే న్యాయాధిపతి, తానే తలారి. గురిలోని మనుష్యుడు వకాల్తా వేయజాలడు. దామనపల్లిలో కూలిన యిరువురి వాదమును ఎవ్వరును వినలేదు. ఈ దోషమును నేను కప్పిపుచ్చను. కాని అడవిలో ఆకలితో పొంచియున్నవాడు వీడు చంపదగినవాడా, కాడా యని తన్ను తాను ప్రశ్నించుకొనెను. కోర్టులు, వకీళ్లు, చట్టగ్రంథములు గల ప్రభుత్వము చేజిక్కిన బందీ విషయమున ఆపాటి ప్రశ్నయైన వేసికొనలేదు. ఎవరిది అనాగరికతయో మీరే తీర్పు చెప్పుడు.

యువకులారా! వీరకథలు చదువునప్పుడు కూల్చినవారి లెక్క కట్టకుడు. మీట మీద వ్రేలుండియు నొక్కక విడిచిన సందర్భము లెన్నియో వెదకుడు. ఆయుధము పట్టినవానికిని, అధికారము పట్టినవానికిని అదియే అసలైన పరీక్ష.