బుగులుకు మందు: అడిగి వేసుకుందాం, చెప్పి మార్చుకుందాం

(మరిపెడలో జరిగిన కార్యకర్తల తరగతిలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



పొద్దటి నుంచి భూమి గురించి, కూలి రేట్ల గురించి, హాస్టళ్ల గురించి మాట్లాడుకున్నాం. మమ్మల్ని ఆరోగ్యం మీద మాట్లాడుమన్నారు. రక్తహీనత గురించో, విషజ్వరాల గురించో చెప్తరని మీరు అనుకొని ఉంటరు. మేము ఇవ్వాళ బుగులు గురించి మాట్లాడదలచుకున్నాం. ఇది మన వాడల్లో చాలా ఇండ్లల్ల ఉన్నది. కాని ఏ సభలోనూ దీని పేరెత్తరు.

బుగులు అంటే పాము కనబడితే కలిగే భయం కాదు. ఆ భయం ఉండాల్సిందే, అదే మనల్ని కాపాడుతది. పాము పోయినంక కూడా పోని భయం గురించి చెప్తున్నాం. గుండె దడదడ కొట్టుకునుడు, చేతులు చెమట పట్టుడు, కడుపుల తిప్పుడు, నిద్ర పట్టకపోవుడు, ఈ ఘడియనే చచ్చిపోతమేమో అనిపించుడు. గుండెజబ్బు అనుకొని అప్పుజేసి ఖమ్మమో, వరంగలో పోయి ఈసీజీ తీయించుకుంటరు. "ఏమీ లేదు, పో" అంటరు. ఏమీ లేదంటే గుండెకు ఏమీ లేదని. మనిషికి ఏమీ లేదని కాదు. దీన్ని డాక్టర్లు యాంగ్జైటీ అంటారు. ఇది జబ్బు. దీనికి మందులున్నయి.

మన బుగులుకు కారణాలు లేకపోలేదు. 2024 సెప్టెంబరు మొదట్ల ఆకేరు పొంగి మన మండలంలోని సీతారాం తండాను ముంచింది. నీళ్లు తీసినయి గాని, రాత్రిపూట వాన గట్టిగ కొడితే మూట కట్టుకొని కూసునేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు. పత్తి పండకపోతే అప్పులోని బండి చప్పుడుకు బుగులు. ఊరి నడుమ నుంచి పెళ్లి ఊరేగింపు తీయాల్నంటే బుగులు. అందుకే మనలో కొందరు మిత్రులు "వ్యవస్థ మారితే ఈ జబ్బులన్నీ పోతయి, గోలీలు ఎందుకు?" అంటున్నారు. వాళ్లను ఒక మాట అడుగుతున్నాం. దొర మనిషి కట్టెతో కొట్టి కాలు విరగ్గొట్టిండు. కొట్టినోని మీద కేసు పెట్టాలె, కాలికి కట్టు కట్టించాలె. కేసు గెలిచినంకనే కట్టు కడతమంటే మనం ఒప్పుకుంటమా?

ఇంకొందరు "ఇది పిరికోళ్ల జబ్బు" అంటున్నారు. బాబాసాహెబ్‌కు షుగరు ఉండేది. ఇన్సులిన్ తీసుకున్నారు. ఆయన్ను ఎవరన్నా బలహీనుడన్నారా? ఒంట్లో మెదడు కూడా ఒక అవయవమే గదా!

సరే, మందు వేసుకోవాలె. ఏ మందు? అసలు చిక్కు ఇక్కడ మొదలవుతది.

మా సంగతే చెప్తాం. మా ఇంట్ల మొదట డిగ్రీ పాసైనోళ్లం మేము. మా తాత చెప్పులు కుట్టిండు, నాయిన పాలేరుగా ఉన్నడు. ఉద్యోగం వచ్చినంక కూడా, తనిఖీకి అధికారి వస్తున్నడంటే మాకు చెమటలు పట్టేవి. "వీళ్లకు పాఠం చెప్పుడు రాదు" అనే మాట ఎవరు అనకముందే మా చెవుల్ల వినబడేది. తరువాత తరువాత తనిఖీ లేకున్నా దడ మొదలైంది. తెలిసిన ఆర్‌ఎంపీ దగ్గరికి పోయినం. ఒక చిన్న గోలి ఇచ్చిండు. అర్ధగంటల దడ తగ్గింది, కమ్మగ నిద్ర పట్టింది. ఆయన దేవుడే అనిపించింది. ఎనిమిది నెలలు వేసుకున్నం. ఒకటి రెండయింది, రెండు మూడయినయి. దసరాకు చుట్టాలింటికి పోతూ గోలీలు మరిచిపోయినం. మూడో రాత్రి చేతులు వణికినయి, ఒళ్లంతా చెమట, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనబడ్డయి. మొదటి బుగులు దీని ముందు ఎందుకూ పనికిరాదు.

ఆ గోలి పేరు ఆల్‌ప్రజోలం. ఈ జాతి మందులు 1960లో మొదలైనయి. 1963లో డయాజెపాం, 1981లో ఆల్‌ప్రజోలం అమెరికా మార్కెట్‌లోకి వచ్చినయి. గొప్ప దేశాలోళ్లు కూడా వీటికి అలవాటు పడి, మానలేక యాతన పడ్డరు. ఇవి చెడ్డ మందులని మేము అనం. డాక్టరు చూసి కొద్ది రోజులకు రాస్తే ప్రాణానికి హాయి. నెలల తరబడి వేసుకుంటే ఒళ్లు దానికి కట్టుబడిపోతది. ఠక్కున మానితే ఫిట్స్ కూడా వస్తయి. వేసుకొని ట్రాక్టరు, ఆటో నడిపితే ప్రమాదం. సారా, బ్రాందీతో కలిస్తే ఊపిరి ఆగవచ్చు. ముసలోళ్లు తూలి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటరు. 2014 మార్చి నుంచి ఆల్‌ప్రజోలం, డయాజెపాం వంటివాటికి నిబంధన గట్టి చేసిండ్రు. డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదు, అమ్మినదాన్ని వేరే రిజిస్టర్ల రాయాలె.

ఈ గోలి మనకు తెలియకుండనే మన కడుపుల్లకు ఇంకో దారిల కూడా వచ్చింది. కల్తీ కల్లు సంగతి తెలంగాణలో తెలియనోళ్లెవరు? కల్లుల డయాజెపాం, ఆల్‌ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిండ్రు. 2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు జరిగి కల్లు ఒక్కసారిగ బందయితే, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం పిచ్చెక్కినట్టు ఊగిపోయిండ్రు. ఫిట్స్‌తో, వణుకుతో వందల మంది దవఖానలకు, ఎర్రగడ్డకు చేరిండ్రు. పేపర్లు వాళ్లను తాగుబోతులన్నయి. వాళ్లు మా లెక్కనే గోలి మానినోళ్లు. తేడా ఒక్కటే, తాము గోలి మింగుతున్నమని వాళ్లకు తెలియదు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిల కల్తీ కల్లుకు పలువురు ప్రాణాలే పోయినయి. చెట్టెక్కే గీత కార్మికున్ని మేము తప్పుపడతలేం. పొడి కలిపే వ్యాపారి వేరు, మోకు పట్టే మనిషి వేరు.

కాబట్టి మొదటి మాట. ఇప్పటికే రోజూ ఈ గోలి వేసుకుంటున్నోళ్లు ఈ ప్రసంగం విని రేపటి నుంచి మానకండి. డాక్టరు చెప్పిన ప్రకారం కొంచెం కొంచెం తగ్గించాలె. మాకు మూడు నెలలు పట్టింది.

రెండో రకం మందులు నిదానం గోలీలు. ఎస్సిటాలోప్రామ్, ఫ్లూఆక్సిటిన్, సెర్ట్రాలిన్ వంటివి. మొదటి రెండూ మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే. బుగులు జబ్బుకు డాక్టర్లు సాధారణంగా ముందుగా రాసేది ఈ జాతి మందులే. వీటికి ఆ అలవాటు గుణం లేదు. కాని గుణం కనబడేందుకు రెండు వారాల నుంచి ఆరు వారాలు పడుతది. ఇబ్బందులు మాత్రం మొదటి రోజే మొదలైతయి. వికారం, తలనొప్పి, నీళ్ల విరేచనాలు, నోరెండుడు, కొందరికి నిద్ర పట్టకపోవుడు, కొందరికి మత్తు. బుగులు తగ్గాల్సింది పోయి నాలుగు రోజులు పెరిగినట్టు కూడా ఉంటది. గోలి మంచిదయి ఉండీ పేదోని చేతిలో ఓడిపోయేది ఈ పదిహేను రోజుల్లనే.

మా వాడకట్టుల ఒక చెల్లె ఉండేది. మిరప ఏరుకొని ఇద్దరు పిల్లలను సాదేది. బుగులుతో చిక్కిపోతుంటే మేమే వెంటబడి ఒక పెద్ద దవఖానకు పంపినం. చీటీ రాసిండ్రు, గోలీలిచ్చిండ్రు. ఎట్లుంటదో ఒక్క మాట చెప్పలేదు. మేము కూడా అడుగలేదు. గోలి వేసుకున్న మూడో రోజు చేనుల వాంతులైనయి, కూలి పోయింది. "నాకు పడలేదు" అని చీర కొంగుకు కట్టిపెట్టింది. ఆ చెల్లె ఇప్పుడు లేదు. బట్టల మూటల గోలీల అట్ట దొరికింది. పదింటిలో మూడు ఖాళీ, ఏడు అట్లనే ఉన్నయి. బువ్వ తిన్నంక వేసుకో చెల్లె, మొదట సగం గోలితో మొదలు పెట్టుమని డాక్టరును అడుగుదాం, వారం పదిరోజులల్ల వికారం తగ్గుతది అని చెప్పే మనిషి ఒక్కరు పక్కన ఉంటే! ఆ మనిషిని మేము కావాల్సి ఉండె. ఈ మాట మోసుకొనే ఇవ్వాళ మీ ముందుకు వచ్చినం.

మాకు కూడా ఎస్సిటాలోప్రామే రాసిండ్రు. వికారం ఓర్చుకున్నం, నెలల బుగులు సగం తగ్గింది. కాని ఇంకో ఇబ్బంది వచ్చింది. ఆలుమగల నడుమ సంగతి. ఈ మందులతో చాలా మందికి ఆ కోరిక తగ్గుతది, ఆడోళ్లకైనా మగోళ్లకైనా. సిగ్గుతో డాక్టరుకు చెప్పలేదు. చెప్పకుండ మందు మానినం. తల తిప్పుడు, తలలో కరెంటు కొట్టినట్టు ఝుమ్మనుడు, నెల తిరిగేసరికి పాత బుగులు. రెండోసారి పోయినప్పుడు మా ఇంటామె వెంట వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. "ఇది ముందే చెప్పాల్సింది" అన్నది. మోతాదు తగ్గించి చూసింది. కుదరక మిర్టజపిన్ అని రాత్రి గోలి రాసింది. "దీంతో ఆ ఇబ్బంది తక్కువ, మత్తు, ఆకలి ఎక్కువ. ఏది ఓర్చుకోగలరో మీరే చెప్పండి" అన్నది. పది రోజులు పొద్దున బడిల కండ్లు మూతలు పడ్డయి. నాలుగు కిలోలు బరువు పెరిగినం. ఇది ఓర్చుకోగలం అని మేమే తేల్చుకున్నం. మాకు పడిన గోలి మీకు పడాలని లేదు. ఈ కథ విని ఎవరూ ఆ పేరు చెప్పి గోలి కొనకండి.

మా తాత చెప్పు కుట్టేముందు దారంతో పాదం కొలిచేటోడు. కొత్త చెప్పు కరిస్తే "నాలుగు రోజులు ఓర్చుకో, తోలు మెత్తబడుతది" అనేటోడు. అయినా కరిస్తే నూనె పెట్టి సాగదీసేటోడు. ఇంకా పడకపోతే ఇంకో జత కుట్టేటోడు. చెప్పు కరిచిందని జీవితమంతా ముండ్లల్ల వట్టికాళ్లతో నడువుమని ఏనాడూ అనలేదు. మందు కూడా అంతే.

అయితే కొన్నింటిని ఓర్చుకోవద్దు. ఒళ్లంతా దద్దుర్లు, మూర్ఛ, నల్లటి విరేచనం, చచ్చిపోవాలన్న తలపు వచ్చినా, పెరిగినా ఆ రోజే దవఖానకు పోవాలె. పాతికేళ్ల లోపు పిల్లలను మొదటి వారాల్లో ఒంటరిగ వదలొద్దు. డాక్టరుకు మనమే చెప్పాల్సినవి ఉన్నయి. కలుపు తీసి, బస్తాలు మోసి రోజూ నొప్పుల గోలి మింగుతం గదా, ఆ గోలితో ఈ నిదానం గోలి కలిస్తే కడుపుల రక్తం కారే ప్రమాదం పెరుగుతది. తాగే అలవాటు, కడుపుతో ఉన్న సంగతి, పాలిచ్చే సంగతి, ఉబ్బసం చెప్పాలె. దడకు ఇచ్చే ప్రొప్రనలాల్ ఉబ్బసం ఉన్నోళ్లకు పడదు. రక్తం తక్కువున్నా, థైరాయిడ్ ఎక్కువున్నా కూడా గుండె దడే వస్తది. కాబట్టి రక్తపరీక్ష అడగాలె. గోలి ఒక్కటే మార్గం కాదు, ఓపికగా మాట్లాడి భయాన్ని తగ్గించే చికిత్స కూడా ఉన్నది. అది దొరికే చోట అడిగి తీసుకోవాలె.

"డాక్టరును అడిగితే కసురుకుంటడు" అంటరు. మనల్ని తరతరాలు నేర్పింది అదే, ఇచ్చింది తీసుకో, నోరెత్తకు అని. కాని 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది, 2018 మే నుంచి అమలైంది. అందులో 18వ సెక్షన్ కులం, మతం, ఆడ, మగ, వర్గం పేరుతో తేడా చూపకుండ సర్కారు దవఖానల్ల మానసిక వైద్యం పొందే హక్కు ఇచ్చింది. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నోళ్లకు అది ఉచితం. 22వ సెక్షన్ ఇంకా ముఖ్యం. ఏ చికిత్స ఇస్తున్నరు, దానికి తెలిసిన దుష్ఫలితాలు ఏమిటి అని, రోగికి అర్థమయ్యే భాషల చెప్పాలె. అంటే "సారూ, ఈ గోలితో ఏమైతది?" అని అడుగుడు ఎదురు తిరుగుడు కాదు. మన హక్కు.

2022 నవంబరులో మహబూబాబాద్‌ల సర్కారు వైద్య కళాశాల మొదలైంది. వరంగల్ ఎంజీఎం ఉన్నది. పోయే ఛార్జీలు లేనోళ్లు, నలుగురిలో చెప్పుకోలేనోళ్లు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. అది 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్. పైసలు పడవు, తెలుగులనే మాట్లాడతరు.

కార్యకర్తలు చేయాల్సింది మూడు పనులు. ఒకటి, వాడల ఎవరన్నా బుగులు గోలి మొదలు పెడితే మొదటి పదిహేను రోజులు రోజూ ఒకరు పోయి పలకరించాలె. రెండు, నోటుబుక్కుల రాసుకోవాలె. ఏ గోలి, ఏ పూట, ఏం ఇబ్బంది, ఎన్ని రోజులు. చదువు రానోళ్లకు బడిపిల్లలతో రాయించుదాం. రెండోసారి పోయినప్పుడు ఆ కాగితం డాక్టరు ముందు పెడితే మన నోరు తడబడ్డా కాగితం తడబడదు. మూడు, బాగైందని మనంతట మనం మానొద్దు. బాగైనంక కూడా ఆరు నెలలో, ఏడాదో వేసుకొని, డాక్టరు చెప్పినట్టు మెల్లగ దిగాలె.

ఆర్‌ఎంపీలను తిట్టడానికి మేము రాలేదు. అర్ధరాత్రి మనకు తలుపు తీసేది వాళ్లే. వాళ్లతోని కూడా కూసొని ఈ ముచ్చట చెప్పుదాం.

ఉద్యమానికి మనుషులు కావాలె. నిద్రపోయి లేచిన మనుషులు కావాలె. ఆ చెల్లె మిగిల్చిన ఏడు గోలీల అట్ట ఇప్పటికీ మా బల్ల సొరుగులనే ఉన్నది. ఇంకొక అట్ట అట్ల మిగలకుండ చూసుకుందాం.

జై భీమ్!