సెడ్‌కి ఊరు తెలియదు, అక్షరాలే తెలుసు: ఫైళ్ళలో మాట వెతకడం, మార్చడం

ఈ ఎపిసోడ్‌లో ఒకటే పని. ఫైల్‌లో ఒక మాట వెతకాలి, దాని బదులు ఇంకో మాట పెట్టాలి. ఒక్క ఫైల్ అయితే ఏ ఎడిటర్‌లో అయినా రెండు నిమిషాలు. 200 ఫైళ్ళు ఉంటే ఏంది పరిస్థితి? అప్పుడు కమాండ్ లైన్ కావాలి. దీని మీద ఇంగ్లీషులో వీడియోలు బోలెడున్నాయి, కాకపోతే వాటిలో ఉదాహరణలు 'హలో'ని 'హాయ్' చెయ్యడం దగ్గరే ఆగిపోతాయి. మన ఫైళ్ళలో ఉండేది హలో కాదు కదా. కోట, వాకాడు, చిల్లకూరు, ఇందుకూరుపేట... అదే కమాండ్ తెలుగు మీద నడిపితే ఏం జరుగుతుందో ఈరోజు చూద్దాం.

ఉదాహరణకి మన జిల్లానే తీసుకుంటా. పేర్లు మారే విషయంలో మనకంటే మంచి కేసు నాకు కనపడలా. 2008లో నెల్లూరు జిల్లా పేరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అయింది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు గూడూరు, సూళ్లూరుపేట వైపు మండలాలు తిరుపతి జిల్లాలోకి పోయాయి. ప్రకాశం నుంచి కందుకూరు ఇటు వచ్చింది. కోట మండలంలో రాత్రి నెల్లూరు జిల్లాలో పడుకున్నవాళ్ళు పొద్దున తిరుపతి జిల్లాలో లేచారు. ఊరు కదల్లేదు, సముద్రం కదల్లేదు. కదలాల్సినవి ఫైళ్ళు: స్కూల్ రికార్డులు, రొయ్యల మేత డీలర్ దగ్గరుండే కస్టమర్ లిస్టులు, కొరియర్ అడ్రస్‌లు, యాప్‌లో జిల్లా సెలెక్ట్ చేసుకునే మెనూ. ఈ గీతలు మళ్ళీ ఎప్పుడైనా జరగొచ్చు. అందుకే పద్ధతి నేర్చుకుంటే ప్రతిసారీ పనికొస్తుంది.

ల్యాప్‌టాప్ లేదని ఆగొద్దు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టర్మక్స్ అని యాప్ ఉంది. ఎఫ్-డ్రాయిడ్ నుంచి వేసుకోండి. తెరిచి 'టర్మక్స్ హైఫన్ సెటప్ హైఫన్ స్టోరేజ్' అని కొట్టి పర్మిషన్ ఇస్తే మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ లోపలికి పోవచ్చు. ఈరోజు వాడే గ్రెప్, సెడ్ రెండూ అందులో ముందే ఉంటాయి. కమాండ్స్ స్క్రీన్ మీద చూపిస్తా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బస్సులో వినేవాళ్ళ కోసం నోటితో కూడా చెప్తా.

ముందు వెతకడం. గ్రెప్, స్పేస్, మైనస్ ఎన్, స్పేస్, సింగిల్ కోట్స్ మధ్య 'నెల్లూరు', స్పేస్, ఫైల్ పేరు. ఆ మాట ఉన్న ప్రతి లైనూ నంబర్‌తో సహా వస్తుంది. ఫోల్డర్ మొత్తం వెతకాలంటే మైనస్ ఆర్ కలపండి. మైనస్ సీ పెడితే లెక్క వస్తుంది, కాకపోతే అది లైన్ల లెక్క. ఒక లైన్‌లో నెల్లూరు మూడుసార్లు ఉన్నా ఒకటిగానే లెక్కేస్తుంది. నిజంగా ఎన్నిసార్లు ఉందో కావాలంటే మైనస్ ఓ పెట్టి, పైప్ కొట్టి, 'డబ్ల్యూసీ మైనస్ ఎల్'. మార్చకముందు ఈ అంకె ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. నేను రాసుకుంటా.

ఈ గ్రెప్ పుట్టింది కూడా టెక్స్ట్ చదివేవాళ్ళ కోసమే. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో లీ మెక్‌మహాన్ అనే ఆయన అమెరికా రాజ్యాంగం మీద వచ్చిన పాత వ్యాసాలు ఎవరు రాశారో తేల్చాలని ఆ టెక్స్ట్‌ని విశ్లేషిస్తున్నాడు. అప్పటి ఎడిటర్‌లో అంత పెద్ద ఫైల్ పట్టలేదు. ఆ ఎడిటర్‌లోని వెతికే భాగాన్ని కెన్ థాంప్సన్ విడిగా ప్రోగ్రామ్ చేసి ఇచ్చాడు, అదే గ్రెప్. తర్వాత 1973-74లో మెక్‌మహానే సెడ్ రాశాడు. అంటే మీ చేతిలో ఫోన్‌లో నడిచే ఈ సెడ్‌ది 50 ఏళ్ళ వయసు.

ఇప్పుడు మార్చడం. సెడ్, స్పేస్, సింగిల్ కోట్స్ మధ్య ఎస్, స్లాష్, పాత మాట, స్లాష్, కొత్త మాట, స్లాష్, జీ. కోట్స్ మూసి ఫైల్ పేరు. చివర జీ లేకపోతే ప్రతి లైన్‌లో మొదటిది మాత్రమే మారుతుంది. ఇట్టా నడిపితే ఫైల్‌కి ఏమీ కాదు, మారిన టెక్స్ట్ స్క్రీన్ మీద పడుతుంది అంతే. చూసి, సరే అనుకుంటే మైనస్ ఐ పెట్టండి, అప్పుడు ఫైల్ మారుతుంది. ఉత్త మైనస్ ఐ వద్దు. 'మైనస్ ఐ డాట్ బ్యాక్' అని మధ్యలో స్పేస్ లేకుండా కొడితే పాత ఫైల్ కూడా డాట్ బ్యాక్ పేరుతో పక్కన ఉంటుంది. ఇట్టా కొడితే మ్యాక్‌లోనూ పనిచేస్తుంది.

సరే, 2008 మార్పు చేద్దాం. 'నెల్లూరు' బదులు 'శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు' అని పెట్టాం అనుకోండి. ఫైల్‌లో నెల్లూరు చేపల పులుసు ఉంటే అది శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు చేపల పులుసు అవుతుంది. తెలుగు కోసం ప్రాణం ఇచ్చిన మనిషి పేరు పులుసు ముందు తగిలించినట్టు. కాబట్టి వెతికే మాట 'నెల్లూరు జిల్లా' అని పూర్తిగా ఇవ్వాలి. అయినా ఇంకో గుంట ఉంది. కమాండ్ నడిచిందో లేదో అనుమానం వచ్చి ఇంకోసారి కొట్టారు. కొత్త పేరులో కూడా పాత పేరు ఉంది కదా! 'శ్రీ పొట్టి శ్రీరాములు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా' తయారవుతుంది. పైగా రెండోసారి కొట్టినప్పుడు డాట్ బ్యాక్ ఫైల్ కూడా మారిపోతుంది, అందులో ఇప్పుడు ఉండేది మొదటిసారి మార్చిన కాపీ. అసలు ఫైల్ ఎక్కడా లేదు. అందుకే ఫోల్డర్ మొత్తం ముందే వేరేచోట కాపీ పెట్టుకోండి.

డబుల్ కాకుండా చిట్కా సింపుల్. ఒకే సెడ్‌లో రెండు మార్పులు, మధ్యలో సెమీకోలన్. మొదటిది కొత్త పేరుని పాత పేరు చేస్తుంది, రెండోది పాత పేరుని కొత్త పేరు చేస్తుంది. ఫైల్‌లో ముందు ఏది ఉన్నా చివరికి ఒకటే వస్తుంది, పదిసార్లు కొట్టినా అదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా, ఇక్కడ కొంచెం నిదానంగా వినండి. 2022 మార్పు. ఎవరో 'కోట' అని ఉన్నచోటల్లా 'కోట మండలం, తిరుపతి జిల్లా' అని పెట్టమన్నారు. గుడ్డిగా కొడితే ఏమవుతుంది?

శ్రీహరికోట పోయి 'శ్రీహరికోట మండలం, తిరుపతి జిల్లా' అవుతుంది. ఇది అన్నిటికంటే డేంజర్, ఎందుకంటే చూడ్డానికి కరెక్ట్‌గా ఉంది. శ్రీహరికోట ఉండేది సూళ్లూరుపేట మండలంలో. జిల్లా సరిపోయింది, మండలం తప్పు. చదివేవాళ్ళకి అనుమానం కూడా రాదు.

తర్వాత కోటంరెడ్డి. మన నెల్లూరులో ఆ ఇంటిపేరు తెలియనిదెవరికి? అది 'కోట మండలం, తిరుపతి జిల్లాంరెడ్డి' అవుతుంది. నవ్వొస్తుంది కానీ అది ఎవరి రికార్డులోనో ఉంటుంది.

ఇంకా ఉంది. 'కోటి రూపాయలు' అనే మాట. ఇంగ్లీషువాళ్ళకి ఈ సమస్య ఇట్టా రాదు. మన కంటికి 'టి' ఒక అక్షరం, 'ట' ఇంకో అక్షరం. కంప్యూటర్‌కి 'టి' అంటే ముందు ట, దాని వెనక గుడి. రెండు వేరువేరు కోడ్‌లు. అంటే 'కోటి' లోపల 'కోట' పూర్తిగా ఉంది, ఆపైన ఒక గుడి అంతే. సెడ్ 'కోట' వరకు కోసి కొత్త మాట పెట్టి, గుడిని గాల్లో వదిలేస్తుంది. 'జిల్లా' చివర దీర్ఘం మీద గుడి వేలాడుతుంది. కోట్లు, కోటయ్య, కోటేశ్వరరావు... అన్నిటిదీ అదే గతి. ఇందాక నేను 'సింగిల్ కోట్స్' అన్నా చూశారా, ఈ ట్రాన్స్‌క్రిప్ట్ మీద నడిపితే అది కూడా పోతుంది.

దీనికి వర్డ్ బౌండరీ అని ఒక గుర్తు ఉంది, బ్యాక్‌స్లాష్ బీ. ఇంగ్లీషులో బాగా పనిచేస్తుంది. తెలుగులో దాన్ని నమ్మొద్దని నా మాట. గుణింతం గుర్తుల్ని మాటలో భాగం అనుకోవాలా వద్దా అనేది ఒక్కో టూల్ ఒక్కో రకంగా తీసుకుంటుంది. మీ ఫోన్‌లో ఒక రిజల్ట్, సర్వర్‌లో ఇంకో రిజల్ట్ రావొచ్చు.

నమ్మదగింది ఏంది? మీ ఫైల్‌లోనే ఉన్న కామా. సీఎస్‌వీ ఫైల్‌లో కాలమ్‌ల మధ్య కామాలుంటాయి. కామా, కోట, కామా, నెల్లూరు, కామా. ఈ మొత్తాన్ని వెతకండి. అప్పుడు శ్రీహరికోట తగలదు, కోటంరెడ్డి తగలడు, కోటి రూపాయలూ భద్రం. మూడు మండలాలు ఒకేసారి కావాలంటే సెడ్ మైనస్ పెద్ద ఈ పెట్టి, కామా, బ్రాకెట్‌లో కోట, నిలువు గీత, వాకాడు, నిలువు గీత, చిల్లకూరు, బ్రాకెట్ క్లోజ్, కామా, నెల్లూరు, కామా. స్లాష్ కొట్టి కొత్త వైపు కామా, బ్యాక్‌స్లాష్ 1, కామా, తిరుపతి, కామా. ఆ బ్యాక్‌స్లాష్ 1 అంటే బ్రాకెట్‌లో ఏ మండలం దొరికిందో అదే మళ్ళీ పెట్టు అని. మండలం పేరుని ముట్టుకోకుండా జిల్లా ఒక్కటే మార్చాం.

గూడూరుకి కూడా ఇదే జాగ్రత్త. కృష్ణా జిల్లాలో గూడూరు ఉంది, కర్నూలులో ఉంది, తెలంగాణలో మహబూబాబాద్‌లో ఉంది. పక్క కాలమ్‌లో నెల్లూరు ఉంటేనే మార్చాలి. తీరంలో మన అల్లూరు కూడా అంతే. 'అల్లూరి' అని రాస్తే అది అల్లూరు ఊరిదో, అల్లూరి సీతారామరాజు జిల్లాదో మనిషి చదివి చెప్పాల్సిందే.

వెతికితే దొరకని మాటల సంగతి కూడా చెప్పాలి. కొన్ని కీబోర్డ్‌లు 'పోర్ట్' లాంటి పొల్లు మాటల చివర కంటికి కనపడని ఒక క్యారెక్టర్ పెడతాయి. స్క్రీన్ మీద రెండూ ఒకటే, గ్రెప్‌కి వేరు. కాబట్టి చిన్న ముక్కతో వెతకండి. గ్రెప్ మైనస్ ఓ, 'పోర్ట' తర్వాత స్పేస్ కానివన్నీ అని ఇచ్చి, దాన్ని సార్ట్‌కి, అక్కణ్ణుంచి 'యునీక్ మైనస్ సీ'కి పంపితే ఎన్ని రకాలుగా రాశారో లెక్కతో వస్తుంది. చూడ్డానికి ఒకేలా ఉన్న మాట రెండు లైన్లలో వచ్చిందంటే దొంగ దొరికినట్టే. ఇక అను ఫాంట్స్‌లో టైప్ చేసిన పాత డీటీపీ ఫైళ్ళు మీ దగ్గరుంటే వాటిలో తెలుగు లోపల తెలుగుగా ఉండదు, యూనికోడ్‌కి మార్చందే గ్రెప్‌కి ఏమీ దొరకదు. వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళు కూడా నేరుగా కుదరవు. ఎక్సెల్ నుంచి సేవ్ చేసేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్ 8' అనేదే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగంతా ప్రశ్న గుర్తులైపోతుంది, మళ్ళీ రాదు.

ఫోన్‌లో టైప్ చేసేవాళ్ళకి ఒక మాట. టర్మక్స్ స్క్రీన్ మీద తెలుగు గుణింతాలు విరిగి కనిపిస్తాయి. కంగారు పడొద్దు, ఫైల్ బాగానే ఉంటుంది. సెడ్ మార్పులన్నీ ఏదైనా నోట్స్ ఎడిటర్‌లో లైన్‌కి ఒకటి చొప్పున రాసి ఫైల్‌గా సేవ్ చేసుకోండి. తర్వాత 'సెడ్ మైనస్ ఎఫ్', ఆ ఫైల్ పేరు. ఏం మార్చామో రికార్డు కూడా మిగులుతుంది.

ఫైళ్ళు ఎక్కువైతే: గ్రెప్ మైనస్ ఆర్, చిన్న ఎల్, పెద్ద జెడ్, పాత మాట, ఫోల్డర్. పైప్. ఎక్స్‌ఆర్గ్స్ మైనస్ 0, ఆపైన మన సెడ్ కమాండ్. పెద్ద జెడ్, మైనస్ 0 ఎందుకంటే వాట్సాప్ నుంచి దిగిన ఫైళ్ళ పేర్లలో స్పేస్‌లుంటాయి, అవి లేకపోతే కమాండ్ పేరుని ముక్కలు చేసుకుంటుంది.

ఒక్కచోట మాత్రం నేను మూకుమ్మడి మార్పు చెయ్యను, మనుషుల పేర్ల కాలమ్‌లో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో మర పడవల వేట బంద్. ఆ టైమ్‌లో భృతి కోసం లిస్టులు తయారవుతాయి. మన తీరంలో పాళెం అంటాం, పైకి పోతే పాలెం అంటారు. ఎవరికో చక్కగా చెయ్యాలనిపించి 'పాలెం' అంతా 'పాళెం' చేశారనుకోండి. ఊరి కాలమ్‌లో బాగుంటుంది. అదే మాట ఒకతని ఇంటిపేరులో ఉంటే, ఆధార్‌లో ఒక 'లె', లిస్టులో ఇంకో 'ళె'. పేరు కలవకపోతే ఆ మనిషి పని మానుకొని కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. పేర్ల కాలమ్‌లో గ్రెప్ వాడండి, మార్పు ఉంటే ఒక్కొక్కటి అడిగి చెయ్యండి.

అంతా అయ్యాక డిఫ్ కొట్టండి. 'డిఫ్', పాత ఫైల్, కొత్త ఫైల్. మారిన లైన్లు మాత్రమే వస్తాయి. ఇందాక కాగితం మీద రాసుకున్న అంకె పక్కన పెట్టుకుని చూడండి. 48 మారాలనుకుంటే 51 మారాయి అంటే ఆ మూడూ ఎవరివో చూసేదాకా ఫైల్ ఎవరికీ పంపొద్దు. డాలర్ గుర్తుతో లైన్ చివర వెతికి ఒక్కటి కూడా మారలేదంటే ఆ ఫైల్ విండోస్ నుంచి వచ్చి ఉంటుంది, లైన్ చివర కనపడని బ్యాక్‌స్లాష్ ఆర్ ఉంటుంది. దాన్ని ముందు తీసేయండి.

ప్రాక్టీస్ ఫైల్ డిస్క్రిప్షన్‌లో పెట్టా, ఉత్తుత్తి పేర్లతో 40 లైన్లు. అందులో కోట ఉంది, శ్రీహరికోట ఉంది, మూడు గూడూర్లున్నాయి, కోటి రూపాయలూ ఉంది. జిల్లా కాలమ్ ఒక్కటే మార్చి, డిఫ్‌లో ఎన్ని లైన్లు వచ్చాయో కామెంట్‌లో పెట్టండి.