స్త్రీవాద దర్శనములు – మన కర్తవ్యము

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మన సభలయందు స్త్రీలను గూర్చి మాటలాడువారు సాధారణముగా వారిని గృహలక్ష్ములని కొనియాడి విరమింతురు. నేడు నేను స్తుతిని విడిచి విచారమునకు పూనుకొనుచున్నాను. స్త్రీ పరాధీనతకు మూలమెయ్యది? ఈ ప్రశ్నకు సమాజశాస్త్రజ్ఞులు ఏకకంఠముగా సమాధానము చెప్పలేదు. బంధకారణమును గూర్చి మన దర్శనకారులు భేదించినట్లే వీరును భేదించిరి. అందు ముఖ్యములైన నాలుగు మతములను మనవారి నిదర్శనములతో విన్నవింతును.

మొదటిది ఉదారవాదము. బుద్ధియందు స్త్రీపురుషులు సమానులే. విద్యయు, చట్టమునందు సమానస్థానమును లేకుండుటయే లోపమని వీరి మతము. ఇంగ్లండున మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792 లో దీనిని గ్రంథరూపమున ప్రతిపాదించెను. భద్రాద్రి పాదములు కడిగిన గోదావరియే దిగువన రాజమహేంద్రవరమును చేరును. ఆ తీరమున కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874 లో ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించిరి; 1881 డిసెంబరు 11 న రాజమహేంద్రవరమున వితంతు వివాహమును జరిపించిరి. అది ఈ మార్గమునకు చేరువైన కృషి. 1985 లో ఆంధ్రప్రదేశ్ సవరణ అవివాహిత కుమార్తెకును, 2005 లో కేంద్ర సవరణ కుమార్తెలందరికిని ఉమ్మడి ఆస్తియందు కుమారునితో సమముగా జన్మహక్కు నొసగినవి.

రెండవది మార్క్సువాదము. స్వంత ఆస్తి పుట్టుకతోనే స్త్రీ పరాధీనత బలపడెనని ఎంగెల్సు 1884 లో వాదించెను. భూమియు శ్రమఫలమును కొందరి చేతిలో నుండగా, అక్షరజ్ఞానము మాత్రమే స్త్రీని విడిపింపజాలదని వీరి ఆక్షేపము. 1946 మొదలు 1951 వరకు జరిగిన తెలంగాణ సాయుధ పోరాటమున మల్లు స్వరాజ్యం వంటి స్త్రీలు దళములయందు పనిచేసిరి. వారి అనుభవములను స్త్రీశక్తి సంఘటనవారు 1986 లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అను పేర ప్రకటించిరి. పోరాటము ముగిసిన పిదప మరల ఇల్లే గతియైనదను వేదన అందు పెక్కుర మాటలలో వినబడును.

ఆ వేదనయే మూడవ మతమునకు త్రోవ చూపును. పురుషాధిపత్యమే మూలమనియు, అది ఇంటిలోనే ఆరంభమగుననియు రాడికల్ స్త్రీవాదుల సిద్ధాంతము. భార్యాభర్తల సంబంధము సైతము రాజకీయమేనని అమెరికాలో కేట్ మిల్లెట్ 1970 లో నిరూపింప బూనెను. వేసవిలో తునికాకు కోసి కల్లమునకు చేర్చివచ్చిన దంపతులను చూడుడు. ఇరువురును ఒకే ఎండలో శ్రమించిరి. అయినను భర్త అరుగుపై మేను వాల్చును. భార్య పొయ్యి రాజవేయును. ఇరువురి వర్గ మొక్కటియే కదా, ఈ భేద మెచ్చటనుండి వచ్చెను? తెలుగున చలముగారు ముందే లేవనెత్తిన ఇట్టి ప్రశ్నలు, 1993 లో వెలువడిన ‘నీలిమేఘాలు’ కవితా సంకలనమున స్త్రీల కంఠముతోనే వినవచ్చినవి.

నాల్గవ మతమువారు, స్త్రీ యనగా ఏ స్త్రీ? అని యడుగుదురు. అమెరికాలో నల్లజాతి స్త్రీల స్థితిని గూర్చి కింబర్లీ క్రెన్షా 1989 లోను, దళితస్త్రీల కంఠము వేరని గోపాల్ గురు 1995 లోను వ్రాసిరి. గోగు శ్యామలగారు 2003 లో ‘నల్లపొద్దు’ అను సంకలనమున దళితస్త్రీల రచనలను కూర్చిరి. ఈ ప్రశ్న మన యడవి యంచున మిక్కిలి స్పష్టము. వితంతు వివాహము పై కులములవారికి మహాసంస్కరణము, కోయవారికి పూర్వాచారము. మన కుమార్తెకు భాగమిచ్చిన హిందూ వారసత్వ చట్టము, కేంద్రము ప్రత్యేకముగా ప్రకటించిన నే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తింపదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము మాత్రము వివాహితులకు పట్టాను దంపతుల యిరువురి పేర నీయవలెనని విధించినది.

ఈ నాలుగును పరస్పర విరుద్ధములని కొందరందురు. నాకట్లు తోచదు. ఒకే గృహమునకు నాలుగు ద్వారములున్నట్లు, ఒక్కొక్క మతము ఒక్కొక్క బంధమును చూపుచున్నది. ఒక్క ద్వారము తెరచి మూడు మూసినచో లోనివారికి విడుదల లేదు.

ఇక కులసంఘమున నిలిచి చెప్పుటకు కష్టమైన మాట యొకటి కలదు. 1916 మే 9 న అంబేడ్కరుగారు కొలంబియా విశ్వవిద్యాలయమున చదివిన వ్యాసమున, స్వకులవివాహమే కులమునకు ప్రాణమనియు, సతి, నిర్బంధ వైధవ్యము, బాల్యవివాహము దానిని కాపాడుకొను ఉపాయములనియు చెప్పిరి. అనగా కులమునకు చుట్టుగోడ మన ఆడుబిడ్డల జీవితమే. ఆ మూడు ఉపాయములను మనము గర్హింతుము. కాని ఆ గోడకు కాపలా కాయుట మానితిమా? సంబంధముల పట్టికలు అచ్చువేయు సంఘములన్నియు ఈ ప్రశ్నకు బదులు చెప్పవలసియున్నవి.

కావున మూడు విన్నపములు. కట్నమిచ్చితిమి, పసుపు కుంకుమ యిచ్చితిమి అని చెప్పి కుమార్తెచేత హక్కు విడుదల పత్రముపై సంతకము చేయించు పద్ధతిని మనవారు మానవలెను. సంఘ కార్యవర్గమున స్త్రీలు సగమైనను ఉండవలెను. హారతులు పట్టుటకు మాత్రమే వారిని పిలువరాదు. అన్యకులమువానిని పెండ్లాడిన ఆడుబిడ్డకు పుట్టింటి గుమ్మమును, ఈ సంఘపు విద్యార్థి వేతనమును మూసివేయరాదు. మూడవది మీలో పెక్కురకు రుచింపదని యెరుగుదును. రుచింపనిచో కారణములతో ఖండింపుడు; మౌనముతో మాత్రము దాటవేయకుడు. సభలో వెనుక వరుసను కూర్చున్న సోదరీమణుల అభిప్రాయమును ముందుగా వినవలెనని అధ్యక్షులవారిని ప్రార్థించి విరమించుచున్నాను.