పస్కా రాత్రి పుస్తకం

యూదులు పస్కా పండుగ రాత్రి చేసే భోజనాన్ని సేదెర్ అంటారు. బల్ల మీద పులియని రొట్టె, చేదు ఆకుకూర, ద్రాక్షసారా సిద్ధంగా ఉన్నా వెంటనే భోజనానికి దిగరు. ముందు హగ్గదా అనే పుస్తకం తెరుస్తారు. ఐగుప్తు దాస్యం నుంచి పూర్వులు బయటపడిన వృత్తాంతం అందులో ఉంటుంది.

దాన్ని మొదలుపెట్టేది మాత్రం పిల్లల ప్రశ్నే. ఈ రాత్రి ఎందుకిలా వేరుగా ఉందని ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లు అడగాలి. ఆ తర్వాత నలుగురు కొడుకుల ప్రస్తావన: తెలివైనవాడు, ఎదురుతిరిగేవాడు, అమాయకుడు, అసలు అడగడమే తెలియనివాడు. నా మనసు ఎప్పుడూ ఆ నాలుగోవాడి దగ్గరే ఆగుతుంది. వాడు నోరు తెరిచేదాకా చూడకుండా నువ్వే మొదలుపెట్టమని పెద్దలకు చెబుతుంది హగ్గదా. ఎదురుతిరిగేవాడిని గట్టిగానే మందలిస్తుంది. అయినా వాడికీ ఆ బల్ల దగ్గర చోటుంది.

ఐగుప్తు మీద పడిన పది తెగుళ్ల పేర్లు చదువుతూ, ఒక్కోదానికి ఒక్కో ద్రాక్షసారా చుక్క చొప్పున గిన్నెలోంచి వేలితో తీసి పళ్లెంలో వేస్తారు. శత్రువులైనా బాధపడింది మనుషులే, మన సంతోషం ఆ మేరకు తగ్గాలి అన్నది చాలామంది చెప్పుకునే అర్థం. సొంత విముక్తి గాథలోనే ఎదుటివారి కష్టానికి చోటివ్వడం ఎంత పెద్ద మనసు!

ఆ విముక్తికి నాయకుడైన మోషే పేరు హగ్గదాలో దాదాపు కనిపించదు. విడిపించింది దేవుడేనని నొక్కి చెప్పడానికే అంటారు.

మన గుంటూరు జిల్లా చేబ్రోలు ప్రాంతంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న తెలుగు సమాజం కూడా ఈ పస్కా జరుపుకుంటుంది.